నాలుగో పెట్టె

నమోదు 1

ఊళ్ళో అందరికంటే పిరికివాణ్ణి వెతికి మరీ ఈ ఉద్యోగం ఇస్తారు. నన్ను తీసుకున్న రోజున కమిటీ పెద్ద భూమయ్య ఆ సంగతి నా మొహం మీదే చెప్పాడు. "ధైర్యమున్నోడు ఒక్కసారి చూసి ఎల్లిపోతడు. భయమున్నోడు మళ్ళా వచ్చి చూస్తడు. గందుకే నిన్ను పెట్టినం ఓదేలూ." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తలుపుకు గడియ పెట్టి నాలుగడుగులు వేశాక వెనక్కి వచ్చి గుంజి చూసుకునే రకం నేను. కాదనడానికి ఏముంది?

పని పెద్దదేమీ కాదు. పొద్దుటి షిఫ్టు సైరన్ మోగకముందే స్టోరేజ్ గదికి రావాలి. హెల్త్ చెక్ స్క్రిప్ట్ నడపాలి, అంటే పెట్టెల క్షేమం అడిగే ఆదేశాల చిట్టా. గాజు తలుపుకు అవతల ఆరు ఇనప కంప్యూటర్ పెట్టెలు వరసగా నిలబడి ఉంటాయి, ఆరూ కలిసి ఒకే జట్టు, క్లస్టర్ అంటాం. ఎలా ఉన్నారు, డిస్కులు తిరుగుతున్నాయా, నిద్రలో ఉన్నవాళ్ళ పాఠాలు ఒక్కొక్కటీ మూడు కాపీలు ఉన్నాయా అని స్క్రిప్ట్ అడుగుతుంది. జవాబు బాగుంటే తెర మీద ఆకుపచ్చ గీత వస్తుంది. అప్పుడు నేను మైకు తీసుకుని, "పెట్టెలు ఆరు, కాపీలు మూడు, ఊరు క్షేమం" అంటాను. ఆ మాట సొరంగాలన్నిట్లో వినిపించాకే ఉమ్మడి వంటశాలలో పొయ్యి వెలిగిస్తారు. ఒకసారి గొంతు పట్టేసి నేను ఆలస్యం చేస్తే ఊరంతా జొన్న గట్క కోసం ఆకలితో కూర్చుంది. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా అరగలేదు.

తర్వాత వారానికోసారి ఫిల్టర్లకు పట్టిన బొగ్గు దుమ్ము దులపడం, పైకప్పు నుంచి కారే నీళ్ళ కింద బకెట్లు మార్చడం. మా తాతల కాలంలో ఇది బొగ్గు గని. పైన ఎండకు మనిషి నిలవలేని రోజులు వచ్చాక ఇదే ఊరైంది. దీపాల కింద పండే జొన్న సగం మందికే సరిపోతుంది కాబట్టి ఊళ్ళో సగం మంది ఆరు నెలల పాటు చల్లటి పడకల్లో నిద్రపోతారు. తక్కిన సగం మేలుకుని పని చేస్తారు. ఆ తర్వాత మార్పిడి. మార్పిడి రోజులు ఓ పక్షం ఉంటాయి. రెండు సగాలూ కళ్ళు తెరిచి ఒకరినొకరు చూసుకునేది అప్పుడే.

నా భార్య స్వరూప ముందు సగం. నేను వెనక సగం. పెళ్ళికి ముందే తెలుసు. ఎవరో ఒకరు నాతోనో ఆమెతోనో సగం మార్చుకోకపోతారా అనుకున్నాం. ఒక్కరూ ఒప్పుకోలేదు. కాబట్టి మా కాపురమంతా మార్పిడి రోజుల్లోనే జరుగుతోంది. నేను మేలుకుని ఉన్న మిగతా కాలమంతా ఆమె పాఠం భద్రంగా ఉందా లేదా అని చూసుకోవడమే నా సంసారం. పాఠం అంటే ఆ మనిషిని నిద్రలో ఎలా ఉంచాలి, ఎలా లేపాలి అన్న వివరం. ఏ గంటకు ఎన్ని చుక్కల మందు, ఎంత వేడి, ఏ అవయవం ముందు, ఏది తర్వాత. మనిషి మనిషికీ వేరు. పడక కింద ఉన్న యంత్రం ఒంటిని గమనిస్తూ దాన్ని గంట గంటకూ దిద్దుతుంటుంది.

ఈ రాత ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. ఇవాళ బకెట్ మారుస్తుంటే నీళ్ళు ఒలికి నా తువ్వాలు తడిసింది. ఫిల్టర్ల రోజు కాబట్టి పెట్టెల మధ్యకు వెళ్ళే అనుమతి ఉంది. తువ్వాలు తీసుకెళ్ళి రెండో పెట్టె వెనక, ఫ్యాన్ గాలి వచ్చే చోట ఆరేశాను. పని ముగించుకుని వచ్చేసరికి అది పిండితే నీళ్ళు కారేలాగే ఉంది. గాలి చల్లగా వస్తోంది. మూడో పెట్టె వెనక చెయ్యి పెట్టాను, అక్కడా అంతే. నాలుగో దాని వెనక పెట్టి చటుక్కున లాక్కున్నాను. వేళ్ళు చురుక్కుమన్నాయి.

ఆరు పెట్టెలూ సమానంగా పని చేస్తున్నాయని స్క్రిప్ట్ రోజూ చెప్తుంది. సమానంగా పని చేసేవి సమానంగా వేడెక్కాలి కదా. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

నమోదు 2

పడకల హాలు చూసేది కౌసల్యక్క. మనుషుల్ని నిద్రపుచ్చేదీ లేపేదీ ఆమే. నాకంటే పెద్దది, నా భయాలన్నీ ఆమెకు అలవాటే.

"అక్కా, నాలుగోది కాలిపోతున్నది. తక్కినయి సల్లగున్నయి."

"స్క్రిప్ట్ ఏమన్నది?"

"క్షేమమే అన్నది."

"మరింకేంది తమ్మీ? నీకు నీ నీడను జూసినా గుండె దడే. పో, పోయి గట్క తిను, సల్లారుతది."

తినడానికి కూర్చున్నాను. సగం గట్క వదిలేశాను. లేచి వచ్చి ఇంతవరకూ ఎప్పుడూ చెయ్యని పని చేశాను. స్క్రిప్ట్‌ను తెరిచి చదివాను. మేం దాన్ని నడుపుతామే గాని చదవం. చదవడమంటే పెద్దలు రాసినదాన్ని అనుమానించినట్టని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పారు.

మొదటిసారి చదివితే తప్పేమీ కనబడలేదు. రెండోసారీ అంతే. మూడోసారి చదువుతుంటే అది ఎవరిని అడుగుతోందో గమనించాను.

పాఠాలు దాచుకునేది నిజానికి ఇనప పెట్టెలు కావు. వాటి లోపల ఉండే వర్చువల్ యంత్రాలు. వాటికి ఇనుమూ లేదు, తీగా లేదు. ఇంట్లో అద్దెకున్నవాళ్ళలాగా పెట్టెలో ఉంటాయి. ఒక పెట్టె ఆపేస్తే సామానుతో సహా ఇంకో పెట్టెలోకి పోతాయి. మంచి ఏర్పాటే. అయితే స్క్రిప్ట్ అడిగేది ఈ అద్దెవాళ్ళనే. మీరెంతమంది? ఆరుగురం. ఫలానా మనిషి పాఠం మీలో ఎంతమంది దగ్గరుంది? ముగ్గురి దగ్గర. అంతే, ఆకుపచ్చ గీత. మీరంతా ఏ ఇంట్లో ఉంటున్నారని మాత్రం అది అడగదు.

నేను అడిగాను. నాలుగైదు వరసల చిన్న స్క్రిప్ట్ రాసి ఒక్కొక్క యంత్రాన్నీ అడిగాను, నువ్వున్నది ఏ పెట్టె అని. జవాబు ఆరు వరసల్లో వచ్చింది. ఆరు వరసల్లోనూ నాలుగో పెట్టె అనే ఉంది.

మూడు కాపీలూ ఒకే పెట్టెలో ఉన్నాయి. ఊళ్ళో నిద్రపోతున్న సగం మందీ, స్వరూపతో సహా, ఆ ఒక్క కాలుతున్న పెట్టెలో ఉన్నారు. తక్కిన ఐదూ ఊరికే ఫ్యాన్లు తిప్పుకుంటూ నిలబడ్డాయి. అదే ప్రశ్న మళ్ళీ అడిగాను, అవే ఆరు వరసలు వచ్చాయి.

నమోదు 3

ఎలా జరిగిందో ఇవాళ అర్థమైంది. ఇది మా పండగ చేసిన పని.

మార్పిడి రోజుల్లో ఊరంతా మేలుకుంటుంది కాబట్టి కరెంటు చాలదు. అందుకని ఆ పక్షం రోజులూ మూడు పెట్టెల్ని ఆపేస్తాం. ఆపడం అనం, పడుకోబెట్టడం అంటాం. ఏవి పడుకోవాలో చీట్లు తీస్తారు. పేరు వచ్చిన పెట్టెకు భూమయ్య బొట్టు పెడతాడు, ఆడవాళ్ళు జోలపాట పాడతారు, మీట నొక్కగానే పిల్లలు చప్పట్లు కొడతారు. పక్షం తర్వాత మేలుకొలుపు పాడి మళ్ళీ వెలిగిస్తారు. చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

పెట్టె పడుకున్నప్పుడు అందులోని యంత్రాలు ఎక్కడ చోటు ఎక్కువుంటే అక్కడికి పోయాయి. పెట్టె లేచాక వాటిని వెనక్కి రమ్మని ఎవరూ పిలవలేదు. మా దగ్గర మనిషి నిద్ర లేస్తే ఎవరూ చెప్పకుండానే తన ఇంటికి తాను పోతాడు. యంత్రాలూ అలాగే పోతాయనుకున్నాం. నాలుగోది అన్నిటికంటే పెద్ద పెట్టె, చోటు ఎక్కువ. పైగా చీటీల్లో దాని పేరు ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. ప్రతి మార్పిడికీ కొందరు అందులోకి వచ్చి చేరారు, వచ్చినవాళ్ళు మళ్ళీ కదల్లేదు. అది ఎన్నేళ్ళుగా నిద్ర లేకుండా మోస్తోందో.

దాని డిస్కును ఇంకో ప్రశ్న అడిగాను. ఒక్కసారికి చదవలేక మళ్ళీ మళ్ళీ చదవాల్సి వచ్చింది ఎన్నిసార్లు? పాత స్క్రిప్ట్ ఇది కూడా అడగదు. ఒక పెట్టె జబ్బుపడితే తక్కిన రెండు చోట్లా కాపీ ఉంటుందిలే అన్న ధీమా. జవాబుగా వచ్చిన అంకె చూసి పొరపాటేమో అనుకున్నాను. షిఫ్టు చివర మళ్ళీ అడిగితే అది ఇంకా పెరిగింది.

గాజు తలుపుకు చెవి ఆనించి విన్నాను. తెలిసి వింటే వినబడుతుంది. గొంతులో కఫం అడ్డుపడ్డవాడు ఊపిరి తీస్తున్నట్టు, తిరుగుతూ తిరుగుతూ ఒక్క క్షణం ఆగుతోంది.

నమోదు 4

భూమయ్యకు చెప్పాను. నేను పెదబాపు అని పిలుస్తాను గాని చుట్టరికం ఏమీ లేదు, ఊళ్ళో అందరూ అలాగే పిలుస్తారు. కౌసల్యక్కను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒక్కణ్ణే వెళ్తే నా భయాల లెక్కలో కలిపేస్తాడని.

ఆయన గడ్డం రుద్దుకుంటూ మొత్తం విన్నాడు.

"మైకుల చెప్పినవా?"

"లే. పొద్దున క్షేమమనే అన్న."

"మంచిగ చేసినవ్. గట్లనే అను."

"అబద్ధం జెప్పుమంటవా పెదబాపూ?"

"నువ్వు అప్పటికి పుట్టలే ఓదేలూ. ఒకసారి ఆకుపచ్చకు బదులు పసుపు గీత వచ్చిందని మైకుల చెప్పిన్రు. జనమంతా పడకల హాల్లకు ఉరికిన్రు. ఎవలోళ్ళను వాళ్ళు సల్ల పడకలకెంచి గుంజుకున్నరు. మా చెల్లెను నేనే గుంజిన, ఈ చేతులతోని. ఒడిల పెట్టుకుని కాళ్ళు రుద్దిన. లేస్తదనుకున్న." అక్కడ ఆగిపోయాడు. "గా పసుపు గీత ఉత్తదేనట. తెల్లారి తెలిసింది."

కౌసల్యక్క ఆయన చేతికి నీళ్ళ చెంబు అందించింది.

ఆ తర్వాత ఆమే అడిగింది. "ఖాళీ పెట్టెలు మంచిగనే ఉన్నయి గదా. పాఠాలు అండ్లకు తీస్తే అయిపాయె?"

"తీయొచ్చక్కా. కాని తీయాలంటే నాలుగోదాన్ని మొదటి నుంచి చివరిదాక చదివియ్యాలె. గదే దాని పానం తీస్తది."

"తీయకపోతే?"

"ఎట్లయినా పోతది. ఎప్పుడన్నదే తెల్వదు."

పాఠం పోయిన పడక పాత లెక్కతో మూడు నాలుగు రోజులకు మించి నడవదని కౌసల్యక్క చెప్పింది. ఆ తర్వాత మందు ఎక్కువో తక్కువో అవుతుంది, మనిషి మళ్ళీ లేవడు. అందరినీ ఇప్పుడే లేపేద్దామంటే ఒక్కసారికి లేపగలిగేది కొద్దిమందినే. లేపాలన్నా పాఠం చదవాలి. ఎటు తిరిగినా ఆ పెట్టె దగ్గరికే వస్తున్నాం.

రేపు మొదలుపెట్టమన్నాడు భూమయ్య. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

నమోదు 5

స్క్రిప్ట్ రాస్తూ కూర్చున్నాను. ఇప్పుడు రాయబోయేది నా భయాలన్నిటికంటే పెద్దది.

మొదట ఎవరి పాఠం తీయాలి? పిల్లలవి ముందు తియ్యమంది కౌసల్యక్క. పడకల వరస ప్రకారం పోతే ఎవరూ నిన్ను అనడానికి ఉండదన్నాడు భూమయ్య. ఇద్దరి మాటా న్యాయమే. కానీ డిస్కుకు మన న్యాయం పట్టదు. పాఠాలు దాని మీద పడకల వరసలో లేవు, వయసుల వరసలో అంతకంటే లేవు. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పడి ఉన్నాయి. ఫలానావాళ్ళది ముందు కావాలని అడిగిన ప్రతిసారీ డిస్కును చదివే ముల్లు అటూ ఇటూ ఉరకాలి. అలా ఉరికించే కొద్దీ దాని ఆయుష్షు తరిగిపోతుంది. ఎక్కువ మందిని దక్కించుకోవాలంటే ఒకటే దారి. ఉన్నది ఉన్న వరసలో, తేలిగ్గా వచ్చేదంతా ముందు తీసుకోవాలి. ఎక్కడ మొరాయిస్తే అక్కడ పట్టుబట్టకుండా దాటేసి ముందుకు పోవాలి. దాటేసిన చోట్లకు చివర్లో, డిస్కులో ఇంకా ప్రాణముంటే, తిరిగి రావాలి.

మొరాయించే చోట్లు ఎక్కడున్నాయో ముందే చూశాను. ఒక మూల, కాలిన మచ్చలాగా, అన్నీ ఒక్కచోటే ఉన్నాయి. అక్కడ ఎవరెవరి పాఠాలున్నాయో చూడకుండా ఉండాల్సింది. చూశాను. తలుపు గడియ గుంజి చూసుకునేవాడు ఇది చూడకుండా ఉంటాడా?

స్వరూప అక్కడే ఉంది. యంత్రాలు వేరైనా కింద డిస్కు ఒకటే, నా ఖర్మకొద్దీ ఆమె మూడు కాపీలూ ఆ మూల చుట్టుపక్కలే ఉన్నాయి.

పని సరిగ్గా చేస్తే ఆమె చివర. ఆమెను ముందు తియ్యాలంటే స్క్రిప్ట్‌లో ఒక్క వరస మారిస్తే చాలు. జబ్బుపడ్డ చోటుకే డిస్కును ముందు తోలి, వచ్చేదాకా పీడించి తీసుకోవచ్చు. అది అక్కడే కూలబడితే తక్కినవాళ్ళు పోతారు. కూలబడకపోతే ఎవరికీ తెలియదు. స్క్రిప్ట్ రాసేది నేను, చదివేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ వరస రాశాను. నిజం చెప్తున్నాను, రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. పిల్లల పేర్లు కొన్ని నాకు తెలుసు. మా పక్క గది బుడ్డది సౌమ్య నిద్రపోయే ముందు, లేచాక నాకు కొత్త పళ్ళొస్తయని బోసినోరు చూపించి పోయింది. వరస చెరిపేశాను. చెరిపాక ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

నమోదు 6

నడుస్తోంది. ఒక్కొక్క పాఠం మొదటి పెట్టెలోకి, అక్కడి నుంచి రెండోదాంట్లోకి, మూడోదాంట్లోకి. ఈసారి ఇనుముకు ఇనుము వేరు. ప్రతి కాపీ ఏ పెట్టెలో ఉందో నా కొత్త స్క్రిప్ట్ అడుగుతోంది. పేరు పక్కన మూడు వేర్వేరు అంకెలు కనబడగానే ఆ మనిషి గట్టెక్కినట్టు. సౌమ్య పేరు పక్కన ఆ అంకెలు పడినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

పొద్దున మైకులో క్షేమం అన్నాను. గొంతు జీరబోయింది. వంటశాలలో ఎవరో "ఓదేలుకు జలుబు చేసినట్టున్నది, ఇంత మిరియాల కషాయం పంపున్రి" అన్నారట. పంపారు కూడా. అది తాగుతుంటే దొంగతనం చేసినట్టనిపించింది.

తెర మీద ఇంకో వరస పెరుగుతోంది, దాటేసినవాళ్ళది. స్వరూప పేరు అందులో మూడోది. నాలుగో పెట్టె ఇప్పుడు గాజు అవతలి నుంచే వినబడుతోంది. ఆగి, గీరి, మళ్ళీ తిరుగుతోంది. కౌసల్యక్క వచ్చి తెర చూసింది. స్వరూప పేరు ఎక్కడుందో ఆమెకు కనబడింది. నా భుజం మీద చెయ్యి వేసింది. ఈసారి ఎగతాళి చెయ్యలేదు.

నమోదు 7

తేలిగ్గా వచ్చేవన్నీ వచ్చేశాయి. దాటేసిన చోట్లకు తిరిగి వచ్చాం. బతిమాలుతున్నట్టు, ఒక్కొక్క ముక్కనూ మళ్ళీ మళ్ళీ అడుగుతోంది స్క్రిప్ట్. కొందరివి వచ్చాయి. రెండో షిఫ్టు సగానికి స్వరూపది కదలడం మొదలైంది. సగం దాటింది. నేను తెర ముందు చేతులు కట్టుకుని, లోపల ఎవరికో తెలియకుండానే మొక్కుకుంటున్నాను.

మధ్యలో డిస్కు ఒక్కసారి గట్టిగా టక్కుమంది. తర్వాత గదిలో ఏ చప్పుడూ లేదు. కాలుతున్న పెట్టె అలాగే కాలుతోంది గాని లోపల ఏదీ తిరగడం లేదు.

నలుగురు మిగిలిపోయారు. స్వరూప పాఠంలో మొదటి సగం ఉంది. నిద్రలో ఎలా ఉంచాలో ఉంది. ఎలా లేపాలో లేదు. సగం పాఠాన్ని గంట గంటకూ దిద్దడం పడక వల్ల కాదు, కాబట్టి ఆ సగమూ ఎన్నాళ్ళో పనికిరాదు.

భయం నాకు కొత్త కాదు. ఇలాంటిది మాత్రం ఎరగను. గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

నమోదు 8

"చేతితోని లేపొచ్చు," అంది కౌసల్యక్క. "పాతకాలంల గట్లనే లేపేటోళ్ళట. నేనెన్నడు చెయ్యలే. మందు, వేడి నేను చూస్తగని, ఆ మనిషి ఎట్ల లేస్తదో చూసినోళ్ళు పక్కన ఉండి చెప్పాలె. ముందేం కదుల్తది, దేనికి వణుకుతది, ఎక్కడ ఆపాలె అన్నది."

తక్కిన ముగ్గురి తాలూకు మనుషులూ మేలుకునే ఉన్నారు. ఒకరికి అన్న, ఒకరికి మేనత్త, ఒకరికి కొడుకు. వాళ్ళను పిలవాలంటే సంగతి చెప్పాలి.

భూమయ్య వద్దన్నాడు. "చెప్తే ఉరికొస్తరు ఓదేలూ. నేను మళ్ళా చూడలేను."

"చెప్పకపోతే నలుగురు పోతరు పెదబాపూ."

ఆయన అడ్డం రాలేదు, సరే అని కూడా అనలేదు. నేను మైకు తీసుకున్నాను. ఏం చెప్పాలో రాసుకున్నది చేతిలో తడిసిపోయింది. చూడకుండానే చెప్పాను. నాలుగో పెట్టె పోయిందని, పాఠాలు తీశామని, నలుగురివి పూర్తిగా రాలేదని, వాళ్ళ పేర్లు. అందులో నా భార్య ఉందని కూడా. హాల్లోకి ఎవరూ ఉరకొద్దని రెండు చేతులూ జోడించి అడిగాను. మైకులో చేతులు కనబడవని తర్వాత తోచింది.

జనం వచ్చారు. సొరంగం నిండిపోయింది. హాలు గాజు గోడకు మొహాలు ఆనించి నిలబడ్డారు. తలుపుకు అడ్డంగా భూమయ్య నిలబడ్డాడు, ఆ వయసులో, చేతులు బార్లా చాచి. ఎవరూ తోయలేదు. తమవాళ్ళు గట్టెక్కారని తెలిసినవాళ్ళూ వెళ్ళలేదు.

కౌసల్యక్క లోపలి నుంచి అడిగింది. "ఎవలో ఒకలు మొదలు గావాలె. మొదటిది నాకు గూడ కొత్తే. చేయి తిరగాలె గదా." మొదటివాళ్ళ మీద ఆమె నేర్చుకుంటుందని ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆ అన్న కిందకు చూశాడు. మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు నా వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. వాళ్ళను నేనేమీ అనను. నేనూ కిందకే చూస్తున్నాను.

పడకలు పాత లెక్కతో నడుస్తున్నాయి, ఆ లెక్క ప్రతి గంటకూ తప్పవుతోంది.

"స్వరూపతోని మొదలువెట్టక్కా," అన్నాను.

పక్కన కూర్చున్నాను. స్వరూప మామూలు రోజుల్లో ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఏ కూర ఇష్టంగా తింటుందో, పనిలో ఎవరితో నవ్వుతుందో, కోపమొస్తే ఎన్నాళ్ళు మాట్లాడదో ఏమీ తెలియదు. నిద్ర లేవడం మాత్రం ప్రతిసారీ చూశాను. ఆమె లేచే ప్రతి మార్పిడికీ మొదటి రోజు ఇదే ముక్కాలిపీట మీద కూర్చుని, కళ్ళు ఎప్పుడు తెరుస్తుందా అని చూశాను. నేను చూసిన కాపురంలో పెద్ద భాగం అదే.

"ముందుగాల కుడి బొటనవేలు కదుల్తదక్కా. అప్పటిదాక మందు తగ్గియ్యకు."

"ఇగో, కదిలింది."

"ఇప్పుడు కొంచెం తగ్గియ్యి. దవడ వణుకుతది, చలి అని వేడి పెంచకు. నిరుడు పెంచితే వాంతి చేసుకున్నది."

"కాళ్ళు మంచులెక్క ఉన్నయిరా."

"గట్లనే ఉంటయి. ఆమెకు కాళ్ళు ఎప్పుడైనా ఆఖరుకే. ఆగు, ఆగు."

ఆగాం. వణుకు ఆగిపోయింది. ఊపిరి కూడా. కౌసల్యక్క చెయ్యి మందు మీట మీద బిగుసుకుంది. "ఓదేలూ, చెప్పు, ఏం జెయ్యాలె?" అంది. ఆమె భయపడటం నేనెప్పుడూ చూడలేదు. ఇలా ఊపిరి ఆగడమూ ఎప్పుడూ చూడలేదు. స్వరూప నుదుటి మీద నా చెయ్యి పెట్టి, నోటికొచ్చిన పేర్లన్నిటితో పిలిచాను. గాజు అవతల ఎవరో చిన్నగా ఏడుస్తున్నారు.

కనుబొమలు ముడిపడ్డాయి. తిట్టబోయేటప్పుడు ముడివేసినట్టే వేసింది. పెద్దగా, దగ్గుతూ ఊపిరి తీసుకుంది.

కళ్ళు తెరవడానికి ఇంకా చాలాసేపు పట్టింది. తెరిచి ముందు నన్ను చూసింది. "మార్పిడి వచ్చిందా?"

"రాలే. నడుమల్నే లేపినం."

"నీ మొకం గట్లున్నదేంది?" అని, చూపు అటు తిప్పి గాజు గోడ చూసింది. గోడ నిండా మొహాలు. "గంతమంది ఎందుకొచ్చిన్రు?"

ఎందుకొచ్చారో నాకు తెలుసు. ఆమె లేస్తే తమవాళ్ళను కౌసల్యక్క చేతికి అప్పగించడానికి. లేవకపోతే వద్దని చెప్పడానికి.

"నిన్ను చూసిపోదామని," అన్నాను.

"ముందుగాల చెప్పొద్దా మరి!" అని, వణుకుతున్న చేతులతోనే జుట్టు వెనక్కి సర్దుకుంది. దుప్పటి మెడ దాకా లాక్కుని గాజు వైపు చూసి నవ్వింది. అవతల ఆ కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తర్వాత చెయ్యెత్తి, మా అమ్మది కానియ్యక్కా అన్నట్టు సైగ చేశాడు. కౌసల్యక్క చేతులు తుడుచుకుని ఆ పడక వైపు కదిలింది.

స్వరూప గట్క తెమ్మని పంపింది. వంటశాల అరుగు మీద గిన్నె పక్కన పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఆమెకు రెండు సంగతులు చెప్పాలి. పాఠాలు తీసేటప్పుడు ఆమెను అందరి వెనక్కి నెట్టింది నేనే. చేతితో లేపేటప్పుడు అందరి ముందుకు తోసిందీ నేనే. రెండుసార్లూ ఆమెను అడగలేదు. గట్క చల్లారుతోంది. లేచి వెళ్ళాలి, రాసింది మళ్ళీ మొదటి నుంచి చదువుతున్నాను.